ఉడతాభక్తికీ ఒక లెక్క ఉంది



ఈ ప్రసంగం వింటున్నవారిలో చాలామందికి విపత్తు అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. యానాం, కోనసీమ వైపు వారికి 1996 నవంబరు 6 రాత్రి వీచిన గాలి ఇప్పటికీ గుర్తే. తెల్లవారేసరికి కొబ్బరితోటలు నేలమట్టమై ఉన్నాయి. నాందేడ్, షోలాపూర్ ప్రాంతాల తెలుగువారికి 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు, కిల్లారిలను కూల్చిన భూకంపం గుర్తు. ఒడిశాలో ఉన్నవారికి 1999 అక్టోబరు 29 నాటి పెనుతుఫాను, తమిళనాడు తీరాన ఉన్నవారికి 2004 డిసెంబరు 26 నాటి సునామీ గుర్తు.

అప్పుడు మన ఊళ్ళకు బియ్యం బస్తాలు, కిరోసిన్ డబ్బాలు, దుప్పట్లు మోసుకుని లారీలు వచ్చాయి. ఆ లారీలను మనం కళ్ళారా చూశాం. వాటి వెనక ఉన్న డబ్బు ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఏ లెక్కన ఇచ్చారు అన్నది మాత్రం మనం అంతగా ఆలోచించం. ఈ రోజు ఆ డబ్బు సంగతి మాట్లాడుకుందాం. ఇందుకు ఉదాహరణగా ఒక చిన్న దేశాన్ని తీసుకుందాం. దాని పేరు లక్సెంబర్గ్.

పెద్ద పనికి చిన్నవాడు చేసే సాయాన్ని మనం ఉడతాభక్తి అంటాం. వారధి కట్టే వేళ ఉడత ఇసుక తెచ్చి వేసిందన్న కథ మనందరికీ తెలిసిందే. ఆ కథలో ఉడత మనసునే అందరూ మెచ్చుకుంటారు. ఆ ఇసుక ఎంత, వారధికి ఎంతవరకు పనికొచ్చింది అని ఎవరూ అడగరు. దేశాల మధ్య సహాయం విషయంలో మాత్రం ఆ ప్రశ్న అడిగి తీరాలి. చిన్న దేశం ఇచ్చే చిన్న మొత్తం నిజంగా ఎవరికైనా అక్కరకు వస్తుందా, లేక పేరుకు చేసే పనేనా? ఈ ప్రశ్నకు లక్సెంబర్గ్ అనుభవం నుంచి కొంత సమాధానం దొరుకుతుంది.

ముందు ఆ దేశాన్ని కొంచెం పరిచయం చేస్తాను. ఐరోపా ఖండంలో ఫ్రాన్సు, జర్మనీ, బెల్జియం దేశాల నడుమ ఇరుక్కుని ఉన్న నేల అది. సముద్రం లేదు. విస్తీర్ణం 2,586 చదరపు కిలోమీటర్లు, అంటే మన కోలారు జిల్లా కన్నా చిన్నది. జనాభా సుమారు 6 లక్షల 70 వేలు. అది కోలారు జిల్లా జనాభాలో సగం కూడా కాదు.

సరిహద్దు జిల్లాలలో బతికే మనకు ఆ దేశపు ఇంకో సంగతి బాగా అర్థమవుతుంది. దేశమంతా సరిహద్దే. ఇంట్లో, వీధిలో మాట్లాడేది లక్సెంబర్గిష్. పిల్లలు బడిలో అక్షరాలు దిద్దడం తరతరాలుగా జర్మన్‌లో. చట్టాలు రాసేది ఫ్రెంచిలో. ఇంటి భాషకు జాతీయ భాష అన్న హోదా చట్టప్రకారం దక్కింది 1984లో. పొద్దున్నే పక్క దేశాల నుంచి రెండు లక్షల మందికి పైగా మనుషులు రైళ్ళలో, కార్లలో పనికి వచ్చి సాయంత్రానికి తిరిగి వెళతారు. హోసూరు నుంచి బెంగుళూరుకు రోజూ పనికి వెళ్ళి వచ్చేవారికి ఈ జీవితం కొత్తేమీ కాదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో చదివిన మన పిల్లలకూ ఇది కొత్త కాదు.

ఇప్పుడు లక్సెంబర్గ్ ధనిక దేశం. తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే మొదటి వరుసలో ఉంది. ఎప్పుడూ ఇలా లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో అది రైతుల దేశం. భూమి చాలక, బతుకుతెరువు లేక వేలాది కుటుంబాలు ఓడలెక్కి అమెరికాకు వలస వెళ్ళాయి. తర్వాత దేశపు దక్షిణ భాగంలో ఇనుప ఖనిజం తవ్వకాలు, ఉక్కు కొలుములు వచ్చాక పరిస్థితి మారింది. 1970 తర్వాత ఉక్కుకు గిరాకీ తగ్గినప్పుడు మళ్ళీ దెబ్బ తగిలింది. అప్పుడు బ్యాంకులు, పెట్టుబడి సంస్థల వ్యాపారం వైపు మళ్ళింది.

ఈ నడుమ రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. 1940 మే 10న జర్మన్ సేనలు దేశాన్ని ఆక్రమించాయి. 1944 డిసెంబరులో ఆర్డెన్నెస్ అడవులలో జరిగిన పోరులో ఉత్తరాన ఉన్న పట్టణాలు ఎన్నో శిథిలమయ్యాయి. చలికాలంలో ఇల్లూ వాకిలీ పోయి జనం రోడ్డున పడ్డారు. అంటే, ఇప్పుడు ఇచ్చే చేయి ఆనాడు పుచ్చుకున్న చేయి. యుద్ధం తర్వాత మార్షల్ ప్రణాళిక కింద సహాయం పొందిన దేశాలలో లక్సెంబర్గ్ కూడా ఉంది.

ఇక్కడ చరిత్రలోని ఒక చిన్న ఘట్టం చెప్పాలి. ఈ నాటి లెక్కకు దానితో పోలిక ఉంది. 1943 నవంబరు 9న వాషింగ్టన్ నగరంలో 44 దేశాల ప్రతినిధులు కూర్చుని ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. యుద్ధంలో నలిగిపోయిన దేశాలకు తిండి, బట్ట, మందులు అందించడానికి యుద్ధకాల సహాయ పునరావాస సంస్థ ఒకటి ఏర్పడింది. దానినే ఇంగ్లీషు అక్షరాలు కలిపి ‘ఉన్‌రా’ అనేవారు. దేశాన్ని పోగొట్టుకుని లండనులో తలదాచుకున్న లక్సెంబర్గ్ ప్రభుత్వం దానిలో సంతకం చేసింది. బ్రిటిష్ పాలనలో ఉన్న భారతదేశం పేరు కూడా ఆ జాబితాలో ఉంది. శత్రువు అడుగుపెట్టని ప్రతి సభ్య దేశం తన జాతీయ ఆదాయంలో నూటికి ఒక వంతు ఇవ్వాలని ఆ సంస్థ సిఫారసు చేసింది. నూటికి ఒకటి. ఈ అంకెను మనసులో ఉంచుకోండి.

అదే 1943లో బెంగాలులో లక్షల మంది ఆకలితో చనిపోతున్నారు. ఆ కరువు యుద్ధభూమిలో వచ్చింది కాదు కాబట్టి ఆ సంస్థ పరిధిలోకి రాలేదు. ఎవరి ఆకలి లెక్కలోకి వస్తుంది, ఎవరిది రాదు అన్న గీత గీసే అధికారం డబ్బు ఇచ్చేవారి చేతిలో ఉంటే ఏమవుతుందో తెలియడానికి ఇది చాలు.

తర్వాతి కాలంలో దేశాలు మరో అంకె ఒప్పుకున్నాయి. 1970 అక్టోబరు 24న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఒక తీర్మానం చేసింది. ధనిక దేశాలు తమ జాతీయ ఆదాయంలో నూటికి 70 పైసలు, అంటే 0.7 శాతం, పేద దేశాల అభివృద్ధికి ఇవ్వాలన్నది దాని సారాంశం. అర్ధశతాబ్దం గడిచిపోయింది. ఆ మాట నిలుపుకున్న దేశాలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 2024లో ఆ గీత దాటినవి నాలుగే: నార్వే, లక్సెంబర్గ్, స్వీడన్, డెన్మార్క్.

మన పెళ్ళిళ్ళలో చదివింపులు ఉంటాయి కదా. ఒకాయన కాగితం, కలం పట్టుకుని కూర్చుంటాడు. ఫలానా వారి చదివింపులు నూట పదహార్లు అని గట్టిగా చదువుతాడు. అక్కడ డబ్బు చేతిలో పడ్డాకే పేరు చదువుతారు. దేశాల సభలలో పద్ధతి వేరు. అక్కడ ముందు పేరు చదువుతారు, చప్పట్లు మోగుతాయి, డబ్బు తర్వాత వస్తుంది. కొన్నిసార్లు సగమే వస్తుంది, కొన్నిసార్లు రానే రాదు. పెద్ద భూకంపం వచ్చిన వారంలో చదివిన అంకెలకూ, రెండేళ్ళ తర్వాత చేరిన సొమ్ముకూ పొంతన ఉండదు.

లక్సెంబర్గ్ 2000 సంవత్సరంలో 0.7 శాతం గీత చేరింది. అక్కడ ఆగలేదు. 2009 నుంచి ఒక శాతానికి కాస్త అటూ ఇటుగా ప్రతి ఏడూ ఇస్తోంది. అదే సమయంలో ఐరోపాలో ఆర్థిక మాంద్యం వచ్చింది, తర్వాత కరోనా వచ్చింది, ప్రభుత్వాలు మారాయి. అయినా ఆ అంకె ఇంచుమించు అలాగే ఉంది. దేశానికి నూరు రూపాయలు ఆదాయం వస్తే అందులో ఒక రూపాయి పక్కన పెట్టడం అన్నమాట.

ఆ రూపాయి రూపాయల్లో కాక డాలర్లలో ఎంత? 2021 నుంచి చూస్తే ఏటా 50 కోట్ల డాలర్లకు పైగా. తలకు పంచితే 700 డాలర్లు దాటుతుంది. అమెరికా 2024లో 6 వేల కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది. అది లక్సెంబర్గ్ మొత్తానికి వంద రెట్లు. తలకు లెక్కేస్తే మాత్రం 200 డాలర్లు కూడా లేదు. ఆదాయంలో నూటికి పావలా కన్నా తక్కువ. ఎవరు పెద్ద దాత అన్న ప్రశ్నకు ఏ కొలతతో చూస్తే ఆ జవాబు వస్తుంది.

మరి ఆకలితో ఉన్నవాడికి శాతాలు అన్నం పెట్టవు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. వాడికి కావలసింది బియ్యం బస్తా. అందుకు వంద రెట్లు ఇచ్చే పెద్ద దేశమే ముఖ్యం. పోనీ చిన్న దేశం డబ్బుతో ఏ ప్రయోజనం ఉంది? అది తెలియాలంటే, ఆ డబ్బు ఏ దారిన వెళుతుందో చూడాలి.

ముందుగా ఒక వివరణ. ఈ ఒక శాతంలో ఎక్కువ భాగం బళ్ళు, ఆసుపత్రులు, మంచినీళ్ళు, వృత్తి శిక్షణ వంటి దీర్ఘకాల పనులకు వెళుతుంది. సెనెగల్, కేప్ వెర్డే, లావోస్ వంటి కొన్ని దేశాలను ఎంచుకుని అక్కడే ఏళ్ళ తరబడి పని చేస్తారు. యుద్ధాలు, భూకంపాలు, వరదలు, కరువులు వచ్చినప్పుడు ఇచ్చే అత్యవసర సహాయం మొత్తంలో సుమారు పది, పదిహేను శాతం. మనం మాట్లాడుకునేది ఈ భాగం గురించి.

ఇంటికి నిప్పంటుకున్నాక బావి తవ్వడం అని మనకొక సామెత. చాలాకాలం ప్రపంచంలో సహాయం అలాగే సాగింది. విపత్తు వచ్చేది. ఐక్యరాజ్యసమితి సంస్థలు ఎంత కావాలో లెక్కలు కట్టి విజ్ఞప్తి చేసేవి. దేశాలు తమ తమ శాసనసభలలో చర్చించి మంజూరు చేసేవి. డబ్బు చేరేసరికి వారాలు గడిచేవి. 1991లో ఈ ఇబ్బంది తీర్చడానికి 5 కోట్ల డాలర్లతో ఒక నిధి పెట్టారు. అది అప్పుగా ఇచ్చే నిధి. తీసుకున్న సంస్థ తర్వాత తిరిగి కట్టాలి. ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో తెలియక సంస్థలు దానిని తీసుకోవడానికి వెనకాడేవి.

సునామీ తర్వాత, 2005 డిసెంబరులో సర్వసభ్య సభ ఆ పద్ధతిని మార్చింది. 2006 మార్చి నుంచి కేంద్ర అత్యవసర స్పందన నిధి అనే కొత్త ఏర్పాటు పని మొదలుపెట్టింది. విపత్తు రాకముందే దేశాలు అందులో డబ్బు వేస్తాయి. రాగానే అడగనక్కరలేకుండా తీసి ఇస్తారు. తిరిగి కట్టనక్కరలేదు. నిధిలో సుమారు మూడింట రెండు వంతులు కొత్తగా వచ్చిన ఆపదలకు. మిగిలిన వంతు ఎవరూ పట్టించుకోని ఆపదలకు, అంటే పత్రికలలో ఫోటోలు రాని కరువులకు, ఏళ్ళ తరబడి సాగే అంతర్యుద్ధాలకు.

ఈ రెండో భాగం చాలా ముఖ్యం శ్రోతలారా. విపత్తులలోనూ పెద్దింటి విపత్తు, పేదింటి విపత్తు అని ఉంటాయి. టీవీలో కనిపించిన సునామీకి దానాలు వరదలా వస్తాయి. ఎక్కడో మధ్య ఆఫ్రికాలో ఆకలికి రావు. తన పేరు చెప్పి ఫలానా దేశానికే ఇవ్వాలి అనకుండా నిధిలో వేసే డబ్బు ఉంటేనే ఆ ఆకలికి అన్నం పెట్టడానికి వీలవుతుంది. లక్సెంబర్గ్ డబ్బు ఎక్కువగా ఆ కోవలోది. ఆ దేశం ఐక్యరాజ్యసమితి సంస్థలతో కొన్ని సంవత్సరాలకు ఒకేసారి ఒప్పందం చేసుకుంటుంది. రాబోయే ఏడు ఎంత వస్తుందో ఆ సంస్థకు ముందే తెలుస్తుంది. నెలజీతం ఉన్న ఇంటికీ, రోజుకూలి మీద నడిచే ఇంటికీ ఎంత తేడానో, ఇలా ముందే తెలిసిన డబ్బుకూ, తెలియని డబ్బుకూ అంత తేడా ఉంది. ముందే తెలిస్తే గోదాములో ధాన్యం చవకగా ఉన్నప్పుడే కొని పెట్టుకోవచ్చు.

దీనివల్ల కలిగే మేలు ఎలా ఉంటుందో మన పొరుగునే చూడవచ్చు. 2020 జులైలో బంగ్లాదేశ్‌లో జమునా నదికి పెద్ద వరద రాబోతోందని నీటిమట్టాల అంచనాలు చెప్పాయి. అంచనా ఒక గీత దాటితే డబ్బు విడుదల చేయాలని ముందే రాసి పెట్టుకున్నారు. గీత దాటింది. వరద ఉధృతికి ముందే ఈ నిధి నుంచి 52 లక్షల డాలర్లు విడుదలయ్యాయి. కుటుంబాలకు నగదు అందింది. పశువులకు దాణా అందింది. విత్తనాలు, పత్రాలు తడవకుండా దాచుకోవడానికి నీరు చొరని పీపాలు ఇచ్చారు. నీళ్ళు ఇంట్లోకి వచ్చాక ఇచ్చే వంద రూపాయల కన్నా, రాకముందు చేతిలో పడ్డ యాభై ఎక్కువ పని చేస్తుంది. ఎందుకంటే వరదకు ముందు గొడ్డును అయినకాడికి అమ్ముకోనక్కరలేదు. వడ్డీవ్యాపారి గుమ్మం తొక్కనక్కరలేదు. గోదావరి, తుంగభద్ర, మహానది ఒడ్డున ఉన్నవారికి ఇది వివరించనక్కరలేదు.

వస్తువులు ఇవ్వడం, డబ్బు ఇవ్వడం అన్న మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2004లో సునామీ వచ్చిన తర్వాత నాగపట్నం తీరానికి దేశం నలుమూలల నుంచి పాత బట్టలు లారీలలో చేరాయి. వాటిలో కట్టుకోవడానికి పనికిరానివి ఎన్నో. రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్న ఆ బట్టలను తొలగించడమే మరొక పని అయింది. ఇచ్చినవారి మనసు మంచిదే. కానీ పుచ్చుకునేవాడికి ఏది కావాలో అడగకుండా ఇచ్చిన దానం అది. దేశాలలో ఇదే దోషం ఇంకా పెద్ద ఎత్తున జరుగుతుంది. మా దేశంలో పండిన గోధుమలే కొనాలి, మా ఓడలలోనే తేవాలి, మా కంపెనీ యంత్రాలే వాడాలి అని షరతు పెట్టి ఇస్తారు. అలా ఇచ్చిన సొమ్ములో కొంత ఇచ్చినవాడి జేబుకే తిరిగి చేరుతుంది. లక్సెంబర్గ్ సహాయంలో ఇలాంటి ముడి ఇంచుమించు లేదు. ఆ దేశంలో అమ్ముకోవలసిన గోధుమలు లేవన్నది ఒక కారణం కావచ్చు. కారణం ఏదైనా, తీసుకునేవాడికి మేలు.

ఇంకో సంగతి. తమ దేశానికి వచ్చిన శరణార్థులకు మొదటి ఏడాది పెట్టిన ఖర్చును కూడా విదేశీ సహాయం లెక్కలో రాసుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. చాలా ధనిక దేశాలు అలా రాసుకుంటున్నాయి. తన ఇంటికి వచ్చిన చుట్టానికి పెట్టిన అన్నాన్ని ఊరి చందా పుస్తకంలో రాయడం వంటిది అది. లక్సెంబర్గ్ ఆ ఖర్చును ఆ పుస్తకంలో రాయదు. ఒక శాతం అంటే బయటికి వెళ్ళిన ఒక శాతమే.

ఇప్పటివరకు చెప్పినది డబ్బు సంగతి. ఇక ఆ దేశం తన దగ్గర ఉన్న ఒక ప్రత్యేక విద్యతో చేసిన పని చెబుతాను. 1985లో అక్కడ ఉపగ్రహాల కంపెనీ ఒకటి మొదలయింది. ఐరోపాలో ఇళ్ళకు టీవీ ప్రసారాలు అందించే ఉపగ్రహాన్ని 1988లో పంపింది. అంటే ఆ చిన్న దేశానికి ఆకాశంలో కొంత జాగా ఉంది.

2010 జనవరి 12న హైతీ దేశంలో పెద్ద భూకంపం వచ్చింది. రాజధాని నగరం కూలిపోయింది. టెలిఫోన్లు పనిచేయలేదు. సహాయానికి వచ్చిన వందలాది సంస్థలకు ఒకరితో ఒకరు మాట్లాడుకునే దారి లేదు. ఒక వాడకు నీళ్ళ ట్యాంకర్లు రెండు వెళితే పక్క వాడకు ఒకటీ వెళ్ళని పరిస్థితి. 1999లో ఒడిశాలో ఉన్నవారికి ఇది బాగా తెలుసు. తుఫాను తర్వాత రోజుల తరబడి జిల్లాలకు జిల్లాలే బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా పోయాయి. హామ్ రేడియో ఔత్సాహికులు తమ సెట్లు పట్టుకుని వెళ్ళి వార్తలు అటూ ఇటూ చేరవేశారు. ఏ ఊళ్ళో ఏం కావాలో తెలియకపోతే లారీ నిండా బియ్యం ఉన్నా ఎటు వెళ్ళాలో డ్రైవరుకు తెలియదు.

ఆ అనుభవం తర్వాత లక్సెంబర్గ్ ప్రభుత్వం తన దేశపు ఉపగ్రహ కంపెనీ, యాంటెన్నాలు తయారుచేసే సంస్థ, విమాన అంబులెన్సు సంస్థలతో కలిసి ఒక ఏర్పాటు చేసింది. దానిని ‘ఎమర్జెన్సీ డాట్ ఎల్‌యూ’ అంటారు. పెట్టెల్లో సర్దుకుని విమానంలో తీసుకెళ్ళి, గాలి ఊది నిలబెట్టే పెద్ద గోళం వంటి యాంటెన్నా ఇందులో ప్రధానం. దానితో కూలిపోయిన ఊళ్ళో కూడా ఉపగ్రహం ద్వారా ఫోను, ఇంటర్నెట్ పనిచేస్తాయి. 2012 జనవరిలో దక్షిణ సూడాన్‌లో దీనిని మొదటిసారి వాడారు. 2013 నవంబరులో ఫిలిప్పీన్స్ దీవులలో హైయాన్ తుఫాను వచ్చినప్పుడు, 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా వ్యాధి వ్యాపించినప్పుడు, 2015 ఏప్రిల్‌లో నేపాల్ భూకంపం వచ్చినప్పుడు ఇది వెళ్ళింది. ప్రపంచ ఆహార కార్యక్రమం నాయకత్వంలో పనిచేసే సమాచార బృందానికి ఇది ఒక భాగం. సహాయ సంస్థలు దీనికి రుసుము కట్టనక్కరలేదు.

ఉడత కథను ఇప్పుడు మళ్ళీ చూడండి. కోతులు మోసే బండరాళ్ళు ఉడత మోయలేదు. కానీ బండలకూ బండలకూ నడుమ సందులు ఉంటాయి. వాటిలోకి పోయేది ఇసుకే. పెద్ద దేశాలు ధాన్యం ఓడలు పంపుతాయి. ఆ ఓడ చేరేలోపు ఖర్చుకు డబ్బు, ఆ ధాన్యం ఎటు వెళ్ళాలో చెప్పే టెలిఫోను చిన్న దేశం ఇవ్వగలదు.

అంతా మంచేనా అంటే, కాదు. ఇంకో వైపు కూడా చెప్పాలి.

లక్సెంబర్గ్ సంపదలో పెద్ద భాగం దాని ఆర్థిక కేంద్రం నుంచి వస్తుంది. 2014 నవంబరులో పరిశోధక పాత్రికేయులు అక్కడి పన్ను ఒప్పందాల పత్రాలు బయటపెట్టారు. పెద్ద పెద్ద బహుళజాతి కంపెనీలు వందలాదిగా అక్కడ కాగితాల మీద లాభాలు చూపించి, తమ పన్ను భారం బాగా తగ్గించుకున్నాయని ఆ పత్రాలు చెప్పాయి. అవి చట్టానికి లోబడినవేనని ఆనాడు ప్రభుత్వం అంది. తర్వాత ఐరోపాలో నిబంధనలు బిగించారు. విమర్శకుల ప్రశ్న మాత్రం మిగిలింది. ఆ కంపెనీలు పేద దేశాలలో పన్ను సక్రమంగా కట్టి ఉంటే, ఆ దేశాలు తమ ఆసుపత్రులు తామే కట్టుకునేవి కావా? ఒక చేత్తో ఇచ్చేది, మరో చేత్తో అందకుండా పోయేది, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి అంటారు వాళ్ళు. ఈ మాటలో న్యాయం ఉంది. దానం ఎంత చేశాడని మాత్రమే కాక, ఎలా సంపాదించాడని కూడా మన పెద్దలు అడిగేవారు.

ఇంకొక పరిమితి అంకెలది. 2024 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మరుసటి ఏడాది అవసరాల కోసం 4,740 కోట్ల డాలర్లు కావాలని విజ్ఞప్తి చేసింది. 2025లో అమెరికా తన విదేశీ సహాయాన్ని భారీగా కోసివేసింది. జులై 1తో ఆ దేశపు సహాయ సంస్థ యు.ఎస్. ఎయిడ్ పని ముగిసింది. ఐరోపాలోనూ కొన్ని పెద్ద దేశాలు తగ్గించాయి. అదే ఏడు జూన్‌లో ఐక్యరాజ్యసమితి తన విజ్ఞప్తి నుంచి ప్రాణం మీదికి వచ్చిన అవసరాలను మాత్రం ఏరి, ముందు 2,900 కోట్లయినా ఇవ్వండి అని అడిగింది. ఆ జాబితాలో 11 కోట్ల 40 లక్షల మంది ఉన్నారు. జాబితాలోకి రాని మిగిలినవారి ఆకలి ఏమీ తగ్గలేదు. లెక్కలో నుంచి పేరు జారిపోయింది, అంతే. 1943లో బెంగాలు సంగతి చెప్పుకున్నాం కదా, అదే గీత మళ్ళీ గీశారు.

పెద్దవాడు వంద తగ్గిస్తే చిన్నవాడు ఒకటి పెంచి పూడ్చలేడు. ఇందాక చెప్పిన అత్యవసర నిధికి 2016లో ఏటా 100 కోట్ల డాలర్ల లక్ష్యం పెట్టారు. ఇంతవరకు ఏ సంవత్సరంలోనూ అది అందలేదు. లక్సెంబర్గ్ వంటి దేశాలు పది ఉన్నా ఆ కొరత తీరదు. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు అంటారు. అయితే అసలు కాగులో వేణ్ణీళ్ళు ఉండాలి కదా.

అయినా చిన్న దేశపు ఉదాహరణకు ఒక బలం ఉంది. మా దగ్గర లేదు, ఇప్పుడు కాదు, మా ఇంటి కష్టాలే మాకున్నాయి అన్న మాటలు పెద్ద దేశాలు అన్నప్పుడల్లా, ఆ నాలుగు దేశాల పేర్లు ఎదురుగా నిలబడతాయి. చేయవచ్చు అనడానికి చేసినవాడే సాక్షి.

ఇందులో మన దేశం ఎక్కడ ఉంది? 2004 సునామీలో మన తీరం దెబ్బతిన్నా, తక్షణ సహాయానికి విదేశాల మీద ఆధారపడం అని మన ప్రభుత్వం చెప్పింది. అదే రోజుల్లో శ్రీలంకకు, మాల్దీవులకు, ఇండొనేషియాకు మన ఓడలు సహాయంతో వెళ్ళాయి. అత్యవసర నిధిలో చందా వేసిన దేశాలలో భారతదేశం కూడా ఉంది. ఆ నిధికి ఇప్పటివరకు వందకు పైగా దేశాలు ఏదో ఒక సమయంలో ఇచ్చాయి. ఇచ్చినవారిలో పుచ్చుకున్నవారు కూడా ఉన్నారు. ఈ ఏడు ఇచ్చినవాడికి వచ్చే ఏడు అవసరం పడవచ్చు. ఊళ్ళో చదివింపుల లెక్క కూడా అదే కదా. మన ఇంటి పెళ్ళికి వచ్చిన నూట పదహార్లు రేపు ఇంకొకరి ఇంటికి మనం తీసుకెళ్ళవలసినవే.

ఇక చివరిగా మన సంగతి. మనం ఉన్నది సరిహద్దుల్లో. వరద వచ్చినప్పుడు అది ఏ రాష్ట్రమో చూసి రాదు. తుంగభద్రలో నీళ్ళు పొంగితే కర్ణాటక గట్టూ మునుగుతుంది, ఆంధ్ర గట్టూ మునుగుతుంది. సహాయం మాత్రం ఏ జిల్లా, ఏ తాలూకా అని అడిగి వస్తుంది. మన సంఘాలు, యువజన మండళ్ళు, గుడి కమిటీలు ఆపద రాగానే చందా పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాయి. మంచిదే. కానీ లక్సెంబర్గ్ నుంచి నేర్చుకోదగినవి రెండు చిన్న సంగతులు ఉన్నాయి. ఆపద రాకముందే ఏడాదికి ఇంత అని పక్కన పెట్టుకోవడం ఒకటి. ఫలానా వీధికే, ఫలానా వారికే అని ముడి పెట్టకుండా, ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడికి వెళ్ళనివ్వడం రెండోది.

నూరు రూపాయల సంబరానికి చందా వసూలు చేసినప్పుడు ఒక రూపాయి గల్లాపెట్టెలో వేరే వేసి ఉంచితే ఎవరికీ భారం కాదు. పదేళ్ళలో ఒక్కసారైనా అది తీయవలసిన రాత్రి వస్తుంది. ఆ రాత్రి లారీ ఎక్కడినుంచి వస్తుందా అని ఎదురుచూడకుండా, మొదటి లారీని మనమే బయలుదేరదీయగలిగితే అంతకన్నా కావలసింది ఏముంది?